-ఓ2 నుంచి -ఓఫాస్ట్‌కి మారితే వేగం పెరిగింది, లెక్క మారింది: కంపైలర్ ఆప్షన్లు ఎలా ఎంచుకోవాలి?

మంజీర_తీరం

అందరికీ నమస్కారం. వాన నీరు నేలలోకి ఇంకి భూగర్భ జలాల్ని ఎలా చేరుతుందో లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి మా ల్యాబ్‌లో ఉంది. సీ భాషలో రాసింది. సీనియర్ల చేతులు మారుతూ మా దాకా వచ్చింది. రిచర్డ్స్ సమీకరణాన్ని గ్రిడ్ మీద సాధిస్తుంది, లోపల సమీకరణాల్ని విడతలు విడతలుగా సాధించే కాంజుగేట్ గ్రేడియెంట్ సాల్వర్ ఉంది. మట్టిలో తేమకీ పీడనానికీ సంబంధం చెప్పడానికి వాన్ గెనుక్టెన్ 1980లో ఇచ్చిన సూత్రం వాడతాం. అందువల్ల ప్రతి గడికీ, ప్రతి కాలపు అడుగుకీ ఘాతాలు లెక్కగట్టే పౌ ఫంక్షన్‌ని పిలుస్తూనే ఉండాలి.

మేక్‌ఫైల్‌లో (కంపైల్ కమాండ్లు రాసుకునే ఫైలు) మొదటినుంచీ -ఓ2 ఉంది, కంపైలర్ కోడ్‌ని ఎంత మెరుగుపరచాలో చెప్పే స్థాయి అది. దాన్ని -ఓఫాస్ట్ -మార్చ్=నేటివ్ అని మార్చాను. కంపైలర్ జీసీసీ 12, లినక్స్. నడిచే సమయం దాదాపు సగానికి వచ్చింది. కానీ నీటి మట్టం విలువలు మూడో దశాంశం దగ్గరే పాత వాటితో తేడా కొడుతున్నాయి. సాల్వర్ అదుపు తప్పితే పట్టుకోవడానికి విలువ నాన్ (అంకె కానిది, అంటే చెల్లని లెక్క ఫలితం) అయిందా అని చూసే ఇజ్‌నాన్ చెక్ ఒకటి ఉండేది, అది ఇప్పుడు ఏమీ పట్టుకోవడం లేదు. ఒక కేసులో అవుట్‌పుట్ ఫైలు నిండా నాన్‌లే వచ్చాయి. పైగా అదే బైనరీని డిపార్ట్‌మెంట్‌లోని పాత సర్వర్ మీద నడిపితే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని ఆగిపోతోంది.

వేగం వదులుకోవాలని లేదు. అలాగని ఈ అంకెలు థీసిస్‌లో పెట్టడానికి చెయ్యి రావడం లేదు. ఏ ఆప్షన్ ఏం చేస్తుందో తెలుసుకుని పెట్టుకోవాలని ఉంది. పెద్దలు చెప్పండి.

---

పాత_సీ_పంతులు

మంజీర గారూ, మీరు మార్చింది రెండు ఆప్షన్లే గానీ వాటి వెనక మారినవి చాలా ఉన్నాయి. ముందు వాటిని విడదీసుకోవాలి.

-ఓఫాస్ట్ అంటే -ఓ3, దాని మీద -ఎఫ్‌ఫాస్ట్-మ్యాత్, ఇంకా ఒకటి రెండు చిన్నవి. ఈ ఫాస్ట్-మ్యాత్ కూడా ఒక్క ఆప్షన్ కాదు, మూట. లైబ్రరీ ఫంక్షన్లలో తప్పు జరిగితే గుర్తు పెట్టే ఎర్ర్‌నోని పట్టించుకోనక్కర్లేదు అనే -ఎఫ్‌నో-మ్యాత్-ఎర్ర్‌నో అందులో ఉంది. నాన్, అనంతం అనేవి ఈ ప్రోగ్రాంలో రానే రావు అని హామీ ఇచ్చే -ఎఫ్‌ఫైనైట్-మ్యాత్-ఓన్లీ ఉంది. కూడికల క్రమం ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు, సున్నాకి గుర్తు చూడక్కర్లేదు, భాగహారం బదులు విలోమంతో గుణించవచ్చు అనేవన్నీ ఉన్నాయి.

మీ ఇజ్‌నాన్ చెక్ ఏమైందో ఇక్కడే తెలిసిపోతుంది. నాన్ రాదని కంపైలర్‌కి మీరే మాటిచ్చారు. రానిదాన్ని వచ్చిందా అని అడిగితే జవాబు ఎప్పుడూ "లేదు" అనే కదా, అందుకని ఆ చెక్కునే తీసేసింది. తప్పు పట్టడానికి లేదు.

మామూలు స్థాయిల సంగతి కూడా ఒకసారి చెప్పుకుందాం, కొత్తవాళ్లు చదువుతుంటారు. ఏ స్థాయీ ఇవ్వకపోతే జీసీసీ -ఓ0 తీసుకుంటుంది. అక్కడ ప్రతి వేరియబుల్ మెమరీలోనే కూర్చుంటుంది, డీబగ్గర్‌లో ఏ గీత దగ్గర ఆపినా విలువ కనబడుతుంది. -ఓ1 తేలిక పనులు చేస్తుంది. -ఓ2 దగ్గర కోడ్ సైజు విపరీతంగా పెంచని ఆప్టిమైజేషన్లు దాదాపు అన్నీ వస్తాయి. -ఓ3 లూపుల్ని చీల్చడం, ఫంక్షన్లను ఇంకా ఎక్కువగా ఇన్‌లైన్ చేయడం (పిలిచే చోటే వాటి కోడ్ పెట్టేయడం), వెక్టరైజేషన్‌లో (ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో చాలా విలువలు లెక్కగట్టడం) ధైర్యం చేయడం వరకూ వెళ్తుంది. -ఓఎస్ సైజు కోసం. -ఓజీ డీబగ్గింగ్ చెడకుండా చేయగలిగింది చేస్తుంది, జీసీసీ 4.8తో 2013లో వచ్చింది.

మీ కంపైలర్‌లో ఏ స్థాయి ఏది ఆన్ చేస్తోందో ఊహించనక్కర్లేదు. జీసీసీ -క్యూ -ఓ2 --హెల్ప్=ఆప్టిమైజర్స్ అని కొట్టండి, మొత్తం జాబితా వస్తుంది. అదే -ఓ3తో కొట్టి రెండింటికీ డిఫ్ తీయండి. ఇంటర్నెట్‌లో దొరికే పాత జాబితాల కన్నా ఇదే నమ్మదగినది, ఎందుకంటే వెర్షన్ వెర్షన్‌కీ మారుతుంటాయి. జీసీసీ 12 నుంచి -ఓ2 దగ్గర కూడా కొంత వెక్టరైజేషన్ జరుగుతోంది, అంతకుముందు లేదు.

ఇంకో రెండు విషయాలు చాలామందికి తెలియవు. -ఓ0లో ఉంచి పక్కన విడిగా ఆప్టిమైజేషన్ ఆప్షన్లు తగిలిస్తే వాటిలో చాలావరకు పనిచేయవు. ఒకే కమాండ్‌లో -ఓ2, -ఓ3 రెండూ ఉంటే చివర రాసిందే చెల్లుతుంది. మేక్‌ఫైళ్లలో ఈ రెండో దానివల్ల మనం పెట్టాం అనుకున్నది నిజానికి పెట్టకుండానే పోతుంటుంది.

---

పోటీ_కోడర్

నేను కాంటెస్టుల్లో ఫైలు పైనే ప్రాగ్మాతో (కంపైలర్‌కి కోడ్‌లోనే రాసే ఆదేశం) ఓ3, అన్‌రోల్-లూప్స్ పెట్టేస్తాను, టార్గెట్ ఏవీఎక్స్2 (ప్రాసెసర్‌లోని వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు) కూడా. టైం లిమిట్ దాటే కోడ్ చాలాసార్లు పాసైపోతుంది. మంజీర గారు కూడా ఫంక్షన్ వరకే అలా పెట్టుకుంటే సరిపోదా?

---

పాత_సీ_పంతులు

బాబూ, కాంటెస్ట్ సర్వర్‌లో కంపైల్ కమాండ్ మీ చేతిలో ఉండదు కాబట్టి అక్కడ ప్రాగ్మా తప్ప దారి లేదు, సరే. కానీ ఫంక్షన్‌కి తగిలించే ఆప్టిమైజ్ యాట్రిబ్యూట్‌ని డీబగ్గింగ్‌కే వాడమనీ, ప్రొడక్షన్ కోడ్‌కి తగదనీ జీసీసీ మాన్యువలే చెబుతోంది. వేర్వేరు ఆప్షన్లున్న ఫంక్షన్లు ఒకదానిలో ఒకటి ఇన్‌లైన్ కాకపోవచ్చు, అప్పుడు వేగం పెరగకపోగా తగ్గుతుంది. ఫంక్షన్లను వేరే ఫైల్లో పెట్టి ఆ ఫైలుకి వేరే ఆప్షన్లు ఇవ్వడం శుభ్రమైన పద్ధతి.

---

లూప్_లోపల

నా ఉద్యోగమే ఈ పని, లూపుల్ని వెక్టరైజ్ చేయించడం. అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

మంజీర గారి అంకెలు ఎందుకు మారాయి అన్నదానికి ఒకే కారణం వెతకడం పొరపాటు. కనీసం మూడు దార్లు ఉన్నాయి.

మొదటిది కూడిక క్రమం. కాగితం మీద అ + ఆ + ఇ ఎలా కూడినా ఒకటే. డబుల్ టైపులో కాదు. పది పవర్ పదహారుకి ఒకటి కలిపి, మళ్లీ పది పవర్ పదహారు తీసేస్తే సున్నా వస్తుంది, ఎందుకంటే ఆ ఒకటి 53 బిట్ల మాంటిస్సాలో (సంఖ్యలోని అంకెల్ని దాచే భాగం) పట్టక రాలిపోతుంది. అదే ముందు తీసివేత చేసి తర్వాత ఒకటి కలిపితే ఒకటి వస్తుంది. కాంజుగేట్ గ్రేడియెంట్‌లో ప్రతి ఇటరేషన్‌కీ డాట్ ప్రొడక్టులు ఉంటాయి, అంటే రెండు వరుసల్ని గడికి గడి గుణించి మొత్తం కూడడం. మామూలు -ఓ3 ఆ మొత్తాన్ని వెక్టరైజ్ చేయదు, ఎందుకంటే నాలుగు పాక్షిక మొత్తాలుగా విడగొడితే మీరు రాసిన క్రమం పోతుంది, భాషా ప్రమాణం దానికి ఒప్పుకోదు. ఫాస్ట్-మ్యాత్ ఇస్తే విడగొట్టేస్తుంది. చివరి బిట్లు మారతాయి, దాంతో సాల్వర్ ఒక ఇటరేషన్ ముందో వెనకో ఆగవచ్చు.

రెండోది -మార్చ్=నేటివ్. చాలామంది ఇది కేవలం వేగం ఆప్షన్ అనుకుంటారు. మీ మెషీన్‌లో ఎఫ్‌ఎంఏ ఉంటే, అంటే గుణకారం, కూడిక కలిపి ఒకే రౌండింగ్‌తో చేసే ఇన్‌స్ట్రక్షన్ ఉంటే, జీసీసీ దాన్ని అడక్కుండానే వాడుతుంది. -ఎఫ్‌ఎఫ్‌పీ-కాంట్రాక్ట్ డిఫాల్ట్ విలువ అక్కడ ఫాస్ట్. కాబట్టి ఫాస్ట్-మ్యాత్ ఊసే లేకుండా ఒట్టి -ఓ2 -మార్చ్=నేటివ్ ఇచ్చినా అంకెలు మారగలవు. ఆపాలంటే -ఎఫ్‌ఎఫ్‌పీ-కాంట్రాక్ట్=ఆఫ్ ఇవ్వాలి. నిజానికి ఎఫ్‌ఎంఏ ఇచ్చే జవాబు చాలాసార్లు ఎక్కువ కచ్చితమే, కానీ పాత జవాబుతో బిట్టు బిట్టూ కలవదు.

మూడోది డీనార్మల్స్, అంటే సున్నాకి అతి దగ్గరగా ఉండే సంఖ్యలు. ఫాస్ట్-మ్యాత్‌తో లింక్ చేస్తే ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడే ప్రాసెసర్‌లో ఒక సెట్టింగ్ మారుతుంది, 2.2 × పది పవర్ మైనస్ 308 కన్నా చిన్న విలువలన్నీ సున్నా అయిపోతాయి. జీసీసీ 13కి ముందు షేర్డ్ లైబ్రరీని ఇలా కట్టినా ఇదే జరిగేది. అంటే ఎవరో కట్టిన లైబ్రరీని లోడ్ చేసుకున్నందుకు మీ ప్రోగ్రాం లెక్కలు మారేవి. 2023లో ఆ అలవాటు మానిపించారు, మంచి పని చేశారు. మీ ప్రోగ్రాంకి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు.

ఇప్పుడు అసలు మాట. ఈ మూడూ తెచ్చే తేడా మామూలుగా మీ సాల్వర్ టాలరెన్స్ (ఇంత దోషం ఫర్వాలేదని సాల్వర్ ఆగే హద్దు) చుట్టుపక్కలే ఉండాలి. మూడో దశాంశంలో తేడా అంటే నాకు ఆ మూడింటి మీదే అనుమానం నిలవడం లేదు. లోపల ఇంకేదో ఉంది. -ఓ1 -జీ -ఎఫ్‌శానిటైజ్=అడ్రస్,అన్‌డిఫైన్డ్ అని కట్టి చిన్న కేసు ఒకటి నడపండి, మెమరీ తప్పుల్లాంటివి నడుస్తుండగానే పట్టే చెక్కులు ఇది చేరుస్తుంది. ఇనీషియలైజ్ చేయని మెమరీని ఇది పట్టదు, దానికి శానిటైజర్ లేకుండా కట్టి, వాల్‌గ్రైండ్ అనే మెమరీ పరీక్షా సాధనం కింద ఇంకోసారి నడపండి.

---

నిదానమే_ప్రధానం

నా అభిప్రాయం వేరు. మేం నడిపే సర్వీసులో ఒకప్పుడు -ఓ2 పెడితే క్రాష్ అయ్యేది, -ఓ0లో చక్కగా నడిచేది. అప్పట్నుంచి ప్రొడక్షన్‌లో కూడా -ఓ0నే. కంపైలర్ తెలివితేటలు చూపించాల్సిన అవసరం లేదు, మనం రాసింది రాసినట్టు నడిపితే చాలు. ఈ రోజుల్లో హార్డ్‌వేర్‌కి కొదవ లేదు.

---

కర్నల్_కబుర్లు

నిదానం గారూ, మీ బాధ అర్థమైంది, కానీ ఆ నిర్ణయంతో ఏకీభవించలేను. -ఓ0లో నడిచి -ఓ2లో పడిపోయే కోడ్‌లో నూటికి తొంభై పాళ్లు తప్పు కోడ్‌లోనే ఉంటుంది, -ఓ0 దాన్ని దాచిపెడుతుంది అంతే. రేపు కంపైలర్ వెర్షన్ మారినా, స్టాక్ మీద వేరియబుళ్ల చోటు మారినా మళ్లీ బయటపడుతుంది.

దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ లినక్స్ కర్నల్‌లోనే ఉంది. 2009లో బయటపడిన సీవీఈ-2009-1897 అనే భద్రతా లోపం. నెట్‌వర్క్ కోసం ఉన్న టన్ డ్రైవర్‌లో ఒక ఫంక్షన్ ముందు పాయింటర్ లోపలి ఫీల్డ్‌ని చదివి, ఆ తర్వాతి గీతలో ఆ పాయింటర్ శూన్యమా అని చూస్తుంది. కంపైలర్ ఏమనుకుంది? పాయింటర్ లోపలికి ఇప్పటికే వెళ్లారు కాబట్టి అది శూన్యం కాదన్నమాటే, ఇక ఈ చెక్ దండగ, తీసేద్దాం అనుకుంది. సున్నా చిరునామా దగ్గర మెమరీని మ్యాప్ చేయగలిగిన దాడికారుడికి ఆ తీసేసిన చెక్కే దారి ఇచ్చింది. కోడ్ చదివితే చెక్ కళ్లెదురుగా ఉంది, బైనరీలో లేదు.

కర్నల్ వాళ్లు ఆ కోడ్‌ని సరిచేశారు, మొత్తం బిల్డ్‌కి -ఎఫ్‌నో-డిలీట్-నల్-పాయింటర్-చెక్స్ కూడా చేర్చారు. -ఎఫ్‌నో-స్ట్రిక్ట్-ఏలియాసింగ్ కూడా అక్కడ ఉంటుంది. కానీ -ఓ0కి పోలేదు. కర్నల్ అసలు -ఓ0లో కట్టబడదు, -ఓ2తోనో -ఓఎస్‌తోనో కట్టాలి. కంపైలర్ వేసుకునే ఏ ఊహ మనకి కుదరదో దాన్ని మాత్రం పేరు పెట్టి ఆపడం అక్కడి పద్ధతి. పూర్ణాంకం నిండి పొర్లిపోవడం మీ కోడ్‌లో మామూలే అయితే -ఎఫ్‌రాప్‌వీ ఇవ్వండి, 2147483647 తర్వాత విలువ రుణాత్మకంలోకి తిరుగుతుందని కంపైలర్ ఒప్పుకుంటుంది. ఒక టైపు మెమరీని ఇంకో టైపు పాయింటర్‌తో చదివే పాత అలవాటు ఉంటే -ఎఫ్‌నో-స్ట్రిక్ట్-ఏలియాసింగ్ ఇవ్వండి. -ఓ2 లాభంలో ఎక్కువ భాగం మీకు మిగులుతుంది.

ఇంకొకటి, భద్రత కోసం వాడే ఫోర్టిఫై-సోర్స్ రక్షణ పనిచేయాలంటే కనీసం -ఓ1 ఉండాలి. బఫర్ దాటి రాయడాన్ని నడుస్తున్నప్పుడే పట్టే ఆ చెక్కులు -ఓ0లో ఉండవు. ఇనీషియలైజ్ కాని వేరియబుల్ గురించి కంపైలర్ ఇచ్చే హెచ్చరికల్లో కొన్ని కూడా ఆప్టిమైజేషన్ జరిగితేనే వస్తాయి, ఎందుకంటే డేటా ఎటు పారుతోందో అప్పుడే లెక్కేస్తుంది. నిదానంగా, జాగ్రత్తగా ఉండాలన్న మీ ఉద్దేశానికి -ఓ2నే దగ్గర.

---

నిదానమే_ప్రధానం

ఫోర్టిఫై విషయం నాకు తెలియదు, థాంక్సండి. శానిటైజర్లతో కట్టి టెస్టులు నడిపిస్తాను. అయినా ఒక్క ప్రశ్న: పాస్‌వర్డ్‌ని మెమరీలోంచి చెరపడానికి రాసిన మెమ్‌సెట్‌ని (బఫర్‌ని ఒకే విలువతో నింపే ఫంక్షన్) కూడా -ఓ2 తీసేస్తుందని విన్నాను. ఇది కూడా కోడ్ తప్పేనా?

---

కర్నల్_కబుర్లు

అది కోడ్ తప్పు అనను, భాషలో ఉన్న లోటు అంటాను. ఆ బఫర్‌ని తర్వాత ఎవరూ చదవడం లేదు కాబట్టి అందులో రాయడం వృథా అని కంపైలర్ లెక్క. మనకి కావాల్సింది చదవడం కాదు, చెరిపేయడం. ఆ మాట చెప్పడానికి చాలాకాలం సీలో సరైన మార్గం లేదు. లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.25తో 2017లో ఎక్స్‌ప్లిసిట్-బీజీరో వచ్చింది. సీ23 ప్రమాణంలో మెమ్‌సెట్-ఎక్స్‌ప్లిసిట్ పెట్టారు. వాటిలో ఒకటి వాడండి, స్థాయి తగ్గించనక్కర్లేదు.

---

చిప్_చేతులు

మైక్రోకంట్రోలర్ల వైపు నుంచి ఒక మాట. మా దగ్గర -ఓ0 అనే సౌఖ్యమే ఉండదు. ఆర్డుయినో ఊనోలోని ఏటీమెగా328పీలో ప్రోగ్రాంకి 32 కేబీ ఫ్లాష్, డేటాకి 2 కేబీ ర్యామ్. అందుకే ఆర్డుయినో -ఓఎస్‌తో కడుతుంది.

కాలేజీ ప్రాజెక్టుల్లో తరచూ చూసేది ఇది: ఇంటరప్ట్ వచ్చినప్పుడు మారే ఫ్లాగ్ కోసం మెయిన్‌లో లూప్ వేసి ఎదురుచూస్తారు, దానికి వోలటైల్ (ప్రతిసారీ మెమరీలోంచే చదవమని చెప్పే మాట) పెట్టరు. -ఓ0లో నడుస్తుంది. -ఓఎస్‌లో కంపైలర్ ఆ విలువని ఒక్కసారి చదివి రిజిస్టర్‌లో పెట్టుకుంటుంది, లూప్ ఎప్పటికీ తేలదు. ఖాళీ లూప్‌తో ఆలస్యం సృష్టిద్దామనుకుంటే ఆ లూప్ మొత్తం మాయమవుతుంది. దీనికి ఎదురు కేసు కూడా ఉంది. ఏవీఆర్ లైబ్రరీలోని డిలే ఫంక్షన్లు ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉంటేనే సరైన సమయం ఇస్తాయి, ఎందుకంటే మిల్లీసెకన్ల నుంచి సైకిళ్ల లెక్క కంపైల్ సమయంలోనే తేలిపోవాలి. -ఓ0 ఇస్తే హెడర్ ఫైలే హెచ్చరిస్తుంది.

---

ఫ్రిస్కో_తెలుగు

డాలస్ దగ్గర్నుంచి. మంజీర గారి ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ గురించి చెప్తాను, మా పనిలో ఇది రోజూ చూసేదే.

-మార్చ్=నేటివ్ అంటే "ఈ కంపైల్ చేస్తున్న మెషీన్‌లో ఏమేం ఉన్నాయో అవన్నీ వాడుకో" అని. బైనరీ ఆ మెషీన్‌కీ, దానికి సాటి వచ్చేవాటికీ కట్టుబడిపోతుంది. ఇంటెల్‌లో ఏవీఎక్స్2, ఎఫ్‌ఎంఏ 2013 నాటి హాస్‌వెల్‌తో వచ్చాయి. మీ పాత సర్వర్ అంతకన్నా ముందుదైతే ఆ ఇన్‌స్ట్రక్షన్ ఎదురవగానే ఆగిపోతుంది. పాతదే కానక్కర్లేదు, కొత్త మెషీన్‌లో కూడా ఇలా జరగొచ్చు. ఏవీఎక్స్-512 ఉన్న సర్వర్‌లో కట్టి, అది లేని కొత్త ల్యాప్‌టాప్‌లో నడిపితే అదే గతి.

నేటివ్ బదులు ఎక్స్86-64-వీ2, వీ3, వీ4 అనే స్థాయిల్లో ఒకటి ఇవ్వండి. 2020లో నిర్వచించారు, జీసీసీ 11 నుంచి పనిచేస్తాయి. వీ3 అంటే స్థూలంగా హాస్‌వెల్ స్థాయి, ఏవీఎక్స్2, ఎఫ్‌ఎంఏ ఉంటాయి. వీ2లో అవి ఉండవు. రెండు బైనరీలు కట్టుకుని ఏ మెషీన్‌కి తగ్గది దానికి పంపుకోవచ్చు. ఒకే బైనరీ కావాలంటే ఎక్కువ సమయం తినే ఫంక్షన్ల మీద టార్గెట్-క్లోన్స్ యాట్రిబ్యూట్ పెడితే ఒక్కో ఫంక్షన్‌కి రెండు రూపాలు కట్టి, నడిచేటప్పుడు ప్రాసెసర్‌ని చూసి ఎంచుకుంటుంది.

పనిలో పనిగా, బిల్డ్ ఫైళ్లు తయారుచేసే సీమేక్ వాడేవాళ్లకి: బిల్డ్ టైప్ చెప్పకుండా మేక్‌తోనో నింజాతోనో కడితే మామూలుగా ఏ ఆప్టిమైజేషన్ ఆప్షనూ వెళ్లదు, అంటే -ఓ0. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లతో రిలీజ్ అంటే -ఓ3, దానితో అసర్ట్‌లన్నీ (షరతు నిజమేనా అని చూసే చెక్కులు) ఆరిపోతాయి. రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫో అంటే -ఓ2 -జీ, అసర్ట్‌లు అక్కడా ఆరిపోతాయి. "రిలీజ్‌లో మాత్రమే బగ్" అన్నప్పుడు అసర్ట్ లోపల పని చేసే కోడ్ ఏదైనా ఇరుక్కుందేమో కూడా చూడాలి.

---

పోటీ_కోడర్

అయితే -ఓ3, -ఓ2 కన్నా ఎప్పుడూ మెరుగే కదా? కనీసం నష్టం లేదు?

---

లూప్_లోపల

అలా అనుకోలేం తమ్ముడూ. కోడ్ సైజు పెరిగి ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌లో పట్టకపోతే నెమ్మదిస్తుంది. 2013లో ఆమ్‌హెర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు మెమరీలో కోడ్, స్టాక్, హీప్ అమరికను నడుస్తుండగానే మాటిమాటికీ మార్చే స్టెబిలైజర్ అనే సాధనం కట్టి, ఎల్ఎల్‌వీఎం కంపైలర్‌లో -ఓ2కీ -ఓ3కీ తేడా కొలిచారు. స్పెక్ బెంచ్‌మార్కుల మీద మొత్తంగా చూస్తే ఆ తేడా యాదృచ్ఛిక హెచ్చుతగ్గుల్లోంచి విడదీయలేనంత చిన్నదని తేల్చారు. మనం ఒకసారి టైం కమాండ్ కొట్టి "నాలుగు శాతం పెరిగింది" అంటే అది ఫంక్షన్ మెమరీలో ఎక్కడ కూర్చుందన్న అదృష్టం మాత్రమే కావచ్చు.

అంకెల లూపులున్న ప్రోగ్రాంలలో మాత్రం -ఓ3 నిజంగానే పనికొస్తుంది. జీసీసీ 12 -ఓ2లో వెక్టరైజ్ చేసినా ఖర్చు అంచనా మహా పిసినారిగా ఉంటుంది. లూప్ ఎన్నిసార్లు తిరుగుతుందో ముందే తెలియకపోతే మామూలుగా వదిలేస్తుంది. ఏ లూప్ వెక్టరైజ్ అయిందో -ఎఫ్‌ఆప్ట్-ఇన్ఫో-వెక్ చెప్తుంది, ఏది ఎందుకు కాలేదో చివర మిస్డ్ చేరిస్తే చెప్తుంది. క్లాంగ్‌లో -ఆర్‌పాస్=లూప్-వెక్టరైజ్. ఊహించే ముందు ఇవి చదవండి.

---

మంజీర_తీరం

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చేసి చూశాను.

లూప్ గారి అనుమానం నిజమే. అడ్రస్ శానిటైజర్ మొదటి నిమిషంలోనే ఆపింది. గ్రిడ్ చివరి నిలువు వరుసలో అర్రే హద్దు దాటి ఒక గడి అవతల చదువుతున్న లూప్ దొరికింది, పాత కోడ్‌లోనే ఉంది. అక్కడ ఉన్న చెత్త విలువ సరిహద్దు గుణకంలో కలిసేది. ఆప్షన్లు మారితే మెమరీ అమరిక మారి చెత్త కూడా మారేది. దాన్ని సరిచేశాక -ఓ2కీ -ఓఫాస్ట్‌కీ తేడా టాలరెన్స్ దగ్గరికి దిగిపోయింది. అంటే -ఓ2 ఇస్తున్న పాత అంకెలు కూడా సరైనవి కావు. ఆ పాత ఫలితాలన్నీ మళ్లీ నడపమని మా గైడ్ గారు చెప్పారు, నడుపుతున్నాం.

ఇప్పుడు వేగం సంగతి. ఇజ్‌నాన్ తిరిగి పనిచేయాలని -ఓ3 -ఎఫ్‌ఫాస్ట్-మ్యాత్ ఇచ్చి పక్కన -ఎఫ్‌నో-ఫైనైట్-మ్యాత్-ఓన్లీ చేర్చాను. చెక్ పనిచేస్తోంది. కానీ వేగం లాభం దాదాపు అంతా పోయింది! ఒక్క ఆప్షన్ వెనక్కి తీసుకుంటే ఇంత తేడా ఎందుకు?

---

లూప్_లోపల

చాలా మంచి పరిశీలన. మీరు పౌ ఫంక్షన్ గురించి మొదటి పోస్టులోనే చెప్పారు, జవాబు అక్కడుంది.

మీకు వేగం డాట్ ప్రొడక్టుల వల్ల వచ్చింది కాదు, పౌ వెక్టరైజ్ అవడం వల్ల వచ్చింది. జీలిబ్‌సీతో పాటు 2015 నుంచి, అంటే 2.22 వెర్షన్ నుంచి, లిబ్‌ఎంవెక్ అనే లైబ్రరీ వస్తోంది. సైన్, ఎక్స్‌ప్, లాగ్, పౌ లాంటివి ఒకేసారి రెండో నాలుగో ఎనిమిదో విలువలకి లెక్కగడుతుంది. సీ హెడర్లలో ఆ వెక్టర్ రూపాలు ఫాస్ట్-మ్యాత్ మాక్రో (కంపైలర్ తానే నిర్వచించే గుర్తు) ఉంటేనే కనబడతాయి. జీసీసీ ఆ మాక్రోని ఎప్పుడు ఇస్తుందంటే మూటలోని ముఖ్యమైన ఆప్షన్లన్నీ ఆన్‌లో ఉన్నప్పుడే. మీరు ఫైనైట్-మ్యాత్‌ని తీసేయగానే మూట విడిపోయింది, మాక్రో పోయింది, పౌ మళ్లీ ఒక్కొక్కటిగా పిలవబడుతోంది.

కాబట్టి ఆ ఆప్షన్లని ప్రోగ్రాం మొత్తానికి ఇవ్వొద్దు. వాన్ గెనుక్టెన్ లూప్ ఒక్కదాన్నీ వేరే ఫైల్లో పెట్టి, దానికి మాత్రమే -ఓ3 -ఎఫ్‌ఫాస్ట్-మ్యాత్ ఇవ్వండి. సాల్వర్‌కీ, నాన్ చెక్‌కీ, మిగతా అన్నిటికీ -ఓ3 -ఎఫ్‌నో-మ్యాత్-ఎర్ర్‌నో చాలు. స్క్వేర్‌రూట్ లోపల ఎర్ర్‌నో కోసం పెట్టే దారి దీనితో పోతుంది, అంకె మాత్రం మారదు. లింక్ చేసే కమాండ్‌లో ఫాస్ట్-మ్యాత్ ఉండకూడదు, అప్పుడు డీనార్మల్స్ సెట్టింగ్ జోలికి ఎవరూ పోరు.

ఆ ఫైలు లోపల మాత్రం మీరిచ్చిన మాట నిలబెట్టుకోవాలి. పౌకి వెళ్లే ఆధారం రుణాత్మకం కాకుండా ముందే సున్నా దగ్గర ఆపేయండి, నేల పూర్తిగా తడిసిన గడుల్లో అది జరుగుతుంది. నాన్ పుట్టే అవకాశమే లేకుండా లోపలికి వచ్చే విలువల్ని బయటి ఫైల్లో పరీక్షించండి. లిబ్‌ఎంవెక్ పౌలో చివరి స్థానంలో నాలుగు యూనిట్ల వరకూ దోషం ఉండొచ్చు, మట్టి పారామీటర్లు మనం కొలిచే కచ్చితత్వంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

డాట్ ప్రొడక్ట్ కూడా వెక్టరైజ్ కావాలంటే ఆ ఒక్క లూప్ మీద ఓపెన్‌ఎంపీ సిమ్డ్ రిడక్షన్ ప్రాగ్మా రాసి -ఎఫ్‌ఓపెన్‌ఎంపీ-సిమ్డ్ ఇవ్వండి. "ఈ మొత్తం క్రమం మారినా నాకు ఫర్వాలేదు" అని ఆ లూప్‌కి మాత్రమే చెప్పినట్టు. చదివేవాడికి కూడా కోడ్‌లోనే కనబడుతుంది, మేక్‌ఫైల్ వెతకక్కర్లేదు.

---

పాత_సీ_పంతులు

ఒక మాట చేరుస్తాను. పౌ పిలుపులే భారమైతే ఆప్షన్ల కన్నా ముందు అల్గారిదం చూడండి. ఒక మట్టికి సూత్రంలోని పారామీటర్లు స్థిరం కదా, పీడనం విలువలకి ముందే పట్టిక కట్టుకుని మధ్య విలువలకి ఇంటర్‌పొలేషన్ చేయొచ్చు. ఈ రంగంలో అందరికీ తెలిసిన హైడ్రస్ ప్రోగ్రాం చేసేది అదే. అప్పుడు ఫాస్ట్-మ్యాత్ అవసరమే రాకపోవచ్చు.

---

మంజీర_తీరం

ఫైలు విడగొట్టాను. -ఓఫాస్ట్‌తో వచ్చిన వేగంలో దాదాపు అంతా తిరిగి వచ్చింది, ఇజ్‌నాన్ పనిచేస్తోంది, వీ2 బైనరీ పాత సర్వర్‌లో నడుస్తోంది. పట్టిక పద్ధతి తర్వాత చేసి పోల్చి చూస్తాను, వక్రరేఖ నిటారుగా ఉన్నచోట పట్టికలో గడులు ఎంత దగ్గరగా ఉండాలో చూసుకోవాలి.

చివరి ప్రశ్న. ఏ ఫలితం ఏ ఆప్షన్లతో వచ్చిందో రేపు మా జూనియర్లకి ఎలా తెలుస్తుంది? మేక్‌ఫైల్ మారిపోతూ ఉంటుంది.

---

ఫ్రిస్కో_తెలుగు

-ఎఫ్‌రికార్డ్-జీసీసీ-స్విచెస్ ఇవ్వండి. ఏ ఆప్షన్లతో కంపైల్ చేశారో బైనరీలోనే ఒక సెక్షన్‌లో రాసిపెడుతుంది, రీడ్‌ఎల్ఫ్ -పీతో ఎప్పుడైనా చదవొచ్చు. దాన్ని కంపైలర్ వెర్షన్‌తో కలిపి ప్రతి అవుట్‌పుట్ ఫైలు తలలో నాలుగు గీతలుగా రాయించండి. మేం అలాగే చేస్తాం.

---

మంజీర_తీరం

పెట్టేశానండి. రీడ్‌ఎల్ఫ్‌లో కనబడుతోంది. అవుట్‌పుట్ ఫైలు హెడర్‌లో ప్రాసెసర్ పేరు కూడా చేర్చాను. మళ్లీ నడిపిన పాత కేసుల ఫలితాలు వచ్చాక, ఎక్కడెక్కడ ఎంత మారాయో ఇక్కడే రాస్తాను.